హిప్నాటిజంతో మార్కులు వచ్చునా?

పరీక్షలు సమీపించగానే పవర్ హౌస్‌లోని మన తెలుగు కుటుంబాలలో ఈ ప్రశ్న వినవస్తూ ఉంటుంది. తెలుగునాట ఈ విద్యను విద్యార్థుల చెంతకు చేర్చిన వారిలో ప్రముఖులు, 2025లో కీర్తిశేషులైన డాక్టర్ బి.వి. పట్టాభిరామ్ గారు.

హిప్నాస్ అనగా గ్రీకు భాషలో నిద్ర. అయితే 1843లో దీనిపై గ్రంథం రచించిన వైద్యుడు జేమ్స్ బ్రెయిడే, ఇది నిద్ర కాదనీ, మనస్సు ఒకే భావంపై నిలవడమనీ అనంతరం గ్రహించాడు. కనుక నిపుణుని చేతిలో ఇది పరీక్షాభయాన్ని తగ్గించవచ్చును. చదవని పాఠాన్ని మాత్రం గుర్తుకు తేజాలదు. పైగా ఆ స్థితిలో జ్ఞాపకం వచ్చినవన్నీ నిజాలు కావని అమెరికన్ వైద్య సంఘం 1985లోనే హెచ్చరించింది. ఖనిజం వేయని బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఎంత వేడిగాలి ఊదినా ఇనుము రాదని మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

హిప్నాటిజంలో ప్రధాన సాధనం సూచన. షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరి, పొరుగింటి పిల్లవానితో పోల్చి "నీకు చదువు రాదు" అని మనం నిత్యం అనే మాట కూడా ఒక సూచనయే! ముందుగా దానిని మానుదాం. "ఈ రోజు ఏమి చదివావు నాయనా?" అని పక్కన కూర్చుందాం. ఇందుకు ఏ హిప్నాటిస్టూ అవసరం లేదు.