లెక్క అందరిదీ, ముఖం ఇంటోళ్ళది

యుద్ధంలో పోయినోడి పెట్టె ఊరికి వచ్చేటప్పుడు కెమెరా ఉండాలా, వద్దా? ఉంటే ఎక్కడిదాకా ఉండాల? ఆ మాట ఎవరు చెప్పాల, సర్కారా, ఇంటోళ్ళా? ఇదేదో ఢిల్లీ స్టూడియోల్లో కూకుని అరుచుకునే సంగతి అనుకోకండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెల్లారకముందే రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేసే కుర్రోళ్ళని రోజూ చూస్తున్నాం. ఆర్మీ అనీ, నేవీ అనీ, సీఆర్‌పీఎఫ్ అనీ కొలువుకి ఎల్లినోళ్ళు లేని ఊరు మన కాడ వెతుక్కోవాల. అంచేత ఇది మన ఇంటి సంగతే.

ముందు ఒకే నెలలో జరిగిన రెండు సంగతులు చూద్దాం. 2025 మే. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, సరిహద్దు కాడ పాకిస్తాన్ కాల్పుల్లో మురళీ నాయక్ అనే అగ్నివీర్ చనిపోయాడు. ఊరు సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా. మే 11న అంత్యక్రియలకి ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, మంత్రులు ఎల్లారు. ఆ తండా, ఆ పెట్టె, ఆ తల్లిదండ్రుల ఏడుపు, అన్నీ రాష్ట్రమంతా టీవీల్లో, ఫోన్లలో చూసింది.

పది రోజులు తిరిగాయో లేదో, మే 21న ఛత్తీస్‌గఢ్ నారాయణపూర్ జిల్లా అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ళ కేశవరావు భద్రతా దళాల చేతిలో చనిపోయాడు. ఊరు మన శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలం జియ్యన్నపేట. శవాన్ని ఇప్పించండని కుటుంబం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా ఎల్లింది. అయినా శవం ఊరికి రాలేదు. మే 26న నారాయణపూర్‌లోనే పోలీసులు దహనం చేసీశారు. చట్టప్రకారం హక్కు చూపించి ఎవరూ రాలేదని పోలీసులు అన్నారు. మేం వచ్చి అడిగినా ఇవ్వలేదని కుటుంబం అంది.

ఇద్దర్నీ ఒకే గాటన కట్టీశావేటి అని కోపం రావొచ్చు. కట్టలేదు. ఒకడు దేశం కాపలాలో పోయాడు. ఇంకొకడు నిషేధంలో ఉన్న పార్టీని నడిపాడు, ఆ పార్టీ తుపాకులకి మనోళ్ళే ఎంతోమంది బలయ్యారు. 2021 ఏప్రిల్ 3న బీజాపూర్ కాడ మావోయిస్టుల దాడిలో 22 మంది జవాన్లు చనిపోతే, అందులో ఒక కోబ్రా కమాండో పెట్టె వచ్చింది విజయనగరం గాజులరేగకే. అంటే ఆ అడవిలో పోరుకి రెండు వైపులా మన జిల్లాల బిడ్డలే పోయారు. నాను అడిగేది గౌరవం సమానమా అని కాదు. ఏ శవాన్ని జనం చూడాల, ఏ శవాన్ని చూడకూడదు అని తేల్చే హక్కు సర్కారుకి ఎవరిచ్చారు అని. పనికొచ్చే శవానికి లైవ్, పనికిరాని శవానికి తెర అంటే, అది గౌరవం కాదు, లెక్కలేసుకోవడం.

చచ్చిపోయినోడి శరీరానికి కూడా మర్యాద హక్కు ఉందని సుప్రీంకోర్టు 1995లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. తప్పు చేసినోడికి శిక్ష బతికున్నప్పటి సంగతి. ఊపిరి పోయాక ఆ శరీరం కన్నోళ్ళది. ఊరేగింపు చేస్తారు, హీరోని చేసీస్తారు అన్న భయం ఉంటే, ఊరేగింపు మీద షరతులు పెట్టండి, పోలీసుల్ని కాపలా పెట్టండి. తల్లికి చివరి చూపు లేకుండా చేయడం దానికి మందు కాదు.

శవపేటికల్ని దాచీడం మనకే కొత్తగా వచ్చిన రోగం కాదు. సోవియట్ రష్యా 1979 నుంచి 1989 దాకా అఫ్గానిస్తాన్‌లో యుద్ధం చేసింది. సుమారు 15 వేలమంది పోయారు. జింకు పెట్టెల్లో సీలేసి పంపేవోళ్ళు, గుట్టుగా పూడ్చమనేవోళ్ళు. అమెరికా 1991 గల్ఫ్ యుద్ధం నాడు డోవర్ విమాన స్థావరంలో శవపేటికల ఫోటోలు తీయకూడదని నిషేధం పెట్టింది. కుటుంబాల ఏకాంతం కోసం అని పైకి చెప్పారు. వియత్నాం యుద్ధం టీవీలో చూసి జనం ఎదురు తిరిగిన సంగతి మాత్రం పాలకులెవరూ మరిచిపోలేదు. కెనడా కూడా 2006లో ఇలాగే కెమెరాల్ని ఆపింది. అఫ్గానిస్తాన్‌లో పోయిన ఒక మహిళా కెప్టెన్ తండ్రి, ఆ కూతురి అంత్యక్రియల్లోనే నిల్చుని ఆ పద్ధతిని తప్పుబట్టాడు. కుటుంబాల పేరు చెప్పి పెట్టిన నిషేధాన్ని ఒక కుటుంబమే వద్దంది చూడండి.

2009లో అమెరికా ఆ నిషేధం ఎత్తీసింది. ఎత్తీసి ఏటి చేసింది? విమానాశ్రయంలో కెమెరా ఉండాలా వద్దా అన్నది ప్రతి కుటుంబాన్నీ అడగడం మొదలెట్టింది. వద్దన్నోళ్ళకి వద్దు, సరే అన్నోళ్ళకి సరే. చాలా కుటుంబాలు సరే అన్నాయి.

మన దేశం సంగతేటి? పాత యుద్ధాల్లో పోయినోళ్ళకి చాలామటుకు యుద్ధభూమి కాడే అంత్యక్రియలు చేసీవోళ్ళు. ఇంటికి టెలిగ్రాం వచ్చేది, మనిషి వచ్చేవోడు కాదు. 1999 కార్గిల్ యుద్ధంలో 527 మంది పోయారు. పెట్టెలు ఊళ్ళకి రావడం, టీవీల్లో చూడడం అప్పుడే మనకి అలవాటయ్యింది. శవపేటికల ఫోటోలు తీయకూడదని మన కాడ ప్రత్యేక చట్టమేదీ లేదు. 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార ప్రసార శాఖ చానళ్ళకి ఇచ్చిన సూచన సైనిక చర్యల్ని, బలగాల కదలికల్ని లైవ్ చూపించొద్దని. అది సబబే. కదలిక చూపిస్తే బతికున్నోడి ప్రాణం పోద్ది. పెట్టె చూపిస్తే ఎవరి ప్రాణమూ పోదు.

ఫోటో వల్ల మేలు జరిగిన సంగతి ఒకటి చెప్తాను. 2017 అక్టోబర్ 6న అరుణాచల్ తవాంగ్ కాడ హెలికాప్టర్ కూలి ఏడుగురు చనిపోయారు. ఆ శరీరాల్ని అట్టపెట్టెల్లో చుట్టి పంపిన ఫోటోని ఒక రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరల్ సోషల్ మీడియాలో పెట్టాడు. దేశమంతా మండిపడింది. ఇది పొరపాటు, ఇకమీదట సరైన పెట్టెలు వాడతాం అని సైన్యం చెప్పుకోవాల్సి వచ్చింది. ఫోటోల మీద నిషేధం ఉండుంటే, ఆ అట్టపెట్టెల సంగతి మనకెలా తెలుస్తాది?

దాచితే ఎక్కడిదాకా ఎల్తాదో చైనాని చూడండి. 2020 జూన్ 15న గల్వాన్‌లో మనోళ్ళు 20 మంది పోయారు. మన దేశం ఆ లెక్క ఒకట్రెండు రోజుల్లోనే చెప్పింది. కల్నల్ సంతోష్ బాబుకి సూర్యాపేటలో వేలమంది చూస్తుండగా అంత్యక్రియలు జరిగాయి. చైనా తనోళ్ళు నలుగురు పోయారని చెప్పడానికి 2021 ఫిబ్రవరి దాకా ఆగింది. ఆ లెక్క మీద అనుమానం రాసిన బ్లాగర్‌ని 8 నెలలు జైల్లో పెట్టింది. పోయినోడి పేరు కూడా పలకనివ్వని దేశంలో ఆ తల్లి ఎవరికి చెప్పుకు ఏడుస్తాది?

అలాగని కెమెరాలకి తలుపులు బార్లా తీసీమని కాదు. రెండో వైపు బాధ కూడా తక్కువది కాదు. ఆఫీసరు ఇంటికొచ్చి చెప్పకముందే వాట్సాప్‌లో పేరు తిరిగిపోద్ది. భార్యకి తెలీకముందే ఊరంతటికీ తెలిసిపోద్ది. స్పృహ తప్పిన తల్లి నోటికాడ మైకు పెట్టి "ఎలా ఫీలవుతున్నారమ్మా" అని అడుగుతారు. నాయకుడు పెట్టె కాడ నిల్చుంటే ఫోటోగ్రాఫర్ శవాన్ని ఒగ్గీసి నాయకుడి మొహం తీస్తాడు. పుల్వామాలో 40 మంది పోయిన నెల్లోపే, 2019 మార్చి 9న, ఎన్నికల ప్రచారంలో సైనికుల ఫోటోలు వాడొద్దని ఎన్నికల సంఘం పార్టీలకి చెప్పాల్సి వచ్చిందంటే మనోళ్ళ ఆత్రం ఏపాటిదో అర్థం చేసుకోండి.

మరి గీత ఎక్కడ గీయాల? నాకు తోచింది ఇది. లెక్క అందరిదీ, ముఖం ఇంటోళ్ళది. ఎంతమంది పోయారు, ఎక్కడ, ఎలా, ఏ పెట్టెలో పంపారు, ఇవన్నీ జనం సొమ్ము. ఆ లెక్క దాచే హక్కు ఏ సర్కారుకీ లేదు, ఏ పేరుతోనూ లేదు. ఆ మనిషి ముఖం, ఆ గాయం, ఆ ఇంట్లో ఏడుపు మాత్రం ఆ ఇంటోళ్ళ సొత్తు. వాళ్ళు చూపిస్తామంటే సర్కారు ఆపకూడదు. వాళ్ళు వద్దంటే మంత్రి వెంట వచ్చిన కెమెరా అయినా వీధి చివరే ఆగాల.

దీనికి పెద్ద చట్టాలేం అక్కర్లేదు. కుటుంబానికి చెప్పేదాకా పేరు బయటపెట్టకూడదు. పెట్టె దిగకముందే ఒక అధికారి ఇంటోళ్ళని అడిగి, కెమెరా సంగతి కాగితం మీద రాసుకోవాల. పార్టీ జెండాలు, ఫ్లెక్సీలు శ్మశానం గేటు లోపలికి రాకూడదు. ఎవడి శవమైనా, ఏ కేసులో ఉన్నోడైనా, పోస్టుమార్టం అయ్యాక బేగి కన్నోళ్ళకి ఇచ్చీయాల.

ఇక మీ మాట. ఇప్పుడు మన ఊళ్ళకి చానల్ వ్యాన్ కంటే ముందు వచ్చేది మీ ఫోనే. పెట్టె ఊళ్ళోకి వస్తే పాట కలిపి రీలు పెట్టీడం నిమిషం పని. పెట్టేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇంటోళ్ళు సరే అన్నారా? ఇది లెక్క చెప్తోందా, ఏడుపు అమ్ముతోందా? నాలుగేళ్ళ అగ్నివీర్ కొలువుకి రేపు దరఖాస్తు పెట్టబోయే కుర్రోడికి ఎంతమంది పోతున్నారో తెలియాల. ఆడి అమ్మకి, ఆడి ముఖాన్ని లోకానికి చూపించాలో వద్దో చెప్పే హక్కు ఉండాల. ఈ రెండూ కావాలని అడగడం దేశద్రోహం కాదు.