పిల్లల వెంటే... రెండు దశాబ్దాలు!

అన్న ఇంగ్లిష్‌ మీడియం బడి బస్సెక్కుతాడు. చెల్లి ఊళ్లోని సర్కారు బడికి నడుస్తుంది. సిక్కోలు పల్లెల్లో ఇదేమంత వింత కాదు. మరి, పెద్దయ్యాక ఆ తేడా వాళ్లను ఎక్కడికి చేరుస్తుంది?

తెలియాలంటే ఏళ్ల తరబడి పిల్లల వెంటే నడవాలి. ఆక్స్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని 'యంగ్‌ లైవ్స్‌' అధ్యయనం అదే చేసింది. 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతోపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ మొదలైంది. ఇక్కడ ఎంచుకున్నది దాదాపు 3 వేలమంది పిల్లల్ని. ఆ జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మూడు, నాలుగేళ్లకోసారి ఇళ్లకెళ్లి తిండి, చదువు, పని... అన్నీ అడిగారు. 2020లో కరోనా అడ్డొస్తే ఫోన్లు చేశారు.

తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు ఉమ వెన్నం బృందం కొందరు పిల్లలతో, పెద్దలతో తీరిగ్గా మాట్లాడింది. ఆ మాటల ఆధారంగా సామాజికవేత్త వర్జీనియా మోరో పరిశోధన పత్రాలు రాశారు. మొత్తంగా అధ్యయనంలో తేలిందేమిటంటే... చదువుమీద ఆశ పేదిళ్లలోనూ మెండే. ఫీజు కట్టే బడి మాత్రం కలిగినవాళ్లకే, అందులోనూ మగపిల్లలకే ఎక్కువ!

నివేదికల్లో వాళ్లవన్నీ మారుపేర్లే. నాటి చెల్లెళ్లలో కొందరు ఇప్పుడు తల్లులు. తమ కూతుళ్లని ఏ బడికి పంపుతారో... అసలు ఫలితం అదే!