వార్తల వేగం – వాహనాల భవితవ్యం

పత్రిక ప్రజలకు కన్ను వంటిది. ఆ కన్ను సగమే చూస్తే పాఠకుని నిర్ణయం కూడా సగం వెలుగులోనే జరుగుతుంది. విద్యుత్ వాహనాలను గురించిన వార్తలలో ఈ లోపం స్పష్టంగా గోచరిస్తుంది.

2022 మార్చిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ హైడ్రోజన్‌తో నడిచే టయోటా మిరాయ్ కారులో పార్లమెంటుకు వెళ్ళారు. ఆ కారు పొగకు బదులు నీటిని మాత్రమే విడుస్తుందన్న వార్త దేశమంతటా వ్యాపించింది. మరుసటి నెలలోనే విజయవాడలోని ఒక ఇంట్లో విద్యుత్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు మరణించారు. ఈ రెండింటినీ వెంటవెంటనే చదివినవారికి హైడ్రోజన్ అమృతమనీ, బ్యాటరీ నిప్పుల మూట అనీ తోచడం సహజం. రెండు వార్తలూ నిజమే. వాటి నుండి పుట్టిన తీర్పు మాత్రం నిజం కాదు.

ఇంధన ఘటంలో హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి విద్యుత్తునిస్తుంది. మిగిలేది నీరే. అయితే ఆ హైడ్రోజన్ ఎక్కడి నుండి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. ప్రపంచంలో తయారయ్యే హైడ్రోజన్‌లో అత్యధిక భాగం నేటికీ సహజవాయువు, బొగ్గుల నుండే లభిస్తున్నది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి దానిని తయారుచేయవచ్చు. కాని అందుకు వాడిన విద్యుత్తులో ఇంచుమించు మూడోవంతు మాత్రమే చివరకు చక్రాలకు చేరుతుంది. అదే విద్యుత్తును బ్యాటరీలో నింపితే నాలుగింట మూడు వంతుల వరకు చేరుతుంది.

అలాగని బ్యాటరీ నిర్దోషి కాదు. దానిని నింపే విద్యుత్తులో అధిక భాగం ఈ దేశంలో బొగ్గు నుండే వస్తున్నది. హైడ్రోజన్ నిరుపయోగమూ కాదు. ఎరువుల, ఉక్కు పరిశ్రమలకు దాని అవసరం ఎంతో ఉన్నది. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. దానిని కేవలం కార్ల కథగా చూడడం పొరపాటు. విజయవాడ దుర్ఘటన జరిగిన ఏడాదే, డిసెంబరు నుండి, బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కేంద్రం కఠినతరం చేసింది. మంటల వార్తను చదివినవారికి ఈ వార్త కూడా చేరాలి.

ఈ వివేచన గుంటూరు, ప్రకాశం మైదానాలకు మరింత అవసరం. 2002లో దేశంలోకి బీటీ పత్తి వచ్చినప్పుడు కాయతొలుచు పురుగుకు ఇక కాలం చెల్లినదని ఎందరో నమ్మారు. కొన్నేళ్ళకు గులాబీరంగు పురుగు ఆ రక్షణను దాటింది. ఆశను మోసుకొచ్చిన వార్త పొలానికి ముందు చేరింది. హెచ్చరిక వెనుక వచ్చింది. నష్టం రైతు తలపై పడింది. నేడు చిలకలూరిపేటలోనో, అద్దంకిలోనో అప్పు చేసి ఆటో కొనదలచిన యువకుని పరిస్థితి కూడా అటువంటిదే. బండి ధర, బ్యాటరీ ఆయుర్దాయం, మరమ్మతు సౌకర్యం, ఇంధనం దొరికే చోటు అతనికి తెలియాలి.

ఆశ్చర్యం కలిగించడం వార్తకు సులభం. అవగాహన కలిగించడం కష్టం. ఆ కష్టానికి పూనుకోవడమే పత్రికా ధర్మం. విత్తనాన్ని ఎంచి చూచే రైతువలె వార్తను కూడా ఎంచి చూడడం పాఠకుని కర్తవ్యం.