వలయము వీడి వేదిక నెక్కిన నాట్యము

2022వ సంవత్సరము జూలై 16వ తేదీ సాయంకాలము మలేషియాలో, కౌలాలంపూరునకు చేరువనున్న షా ఆలం పట్టణపు క్రీడాప్రాంగణమున ఏబదివేల మందికి పైగా జనులు గుమిగూడిరి. డోలు మ్రోగుచుండగా స్త్రీలు, పురుషులు, పిల్లలు వలయములు తీరి ఆడిరి. తలపై ముసుగులు ధరించిన మలయా యువతులు సైతము జపానీయులతో కలిసి అడుగులు వేసిరి. ఆడినది జపాను దేశపు జానపద నృత్యము. పేరు బోన్ ఒదొరి. అచట ఈ వేడుక 1977 నుండి జరుగుచునే యున్నది. ఆ యేడు మాత్రము అది దేశమంతటను వాదమునకు కారణమయ్యెను. అంతకు నెలకు పైబడి ముందు మతవ్యవహారముల మంత్రి, ఈ నృత్యమున అన్యమతాంశములు కలవు గనుక ముస్లిములు పోరాదని సలహా చెప్పెను. సెలంగోర్ సుల్తాను అందుకు సమ్మతింపలేదు. వేడుక జరుగవలసినదే యనియు, మతాధికారులు స్వయముగా వెళ్లి మతమునకును సంస్కృతికిని గల భేదమును చూచి రావలెననియు ఆదేశించెను.

ఇరువురిలో ఎవరి మాట సత్యము? నాకు తోచినంతలో ఇరువురిదియు సత్యమే.

మంత్రి పలికినది ఆ నృత్యము పుట్టుకను గూర్చి. 'బోన్' అనునది 'ఉరబోన్' అను మాటకు కుదింపు. అది 'ఉల్లంబన' అను సంస్కృత శబ్దమునుండి చీనా మీదుగా జపాను చేరినదని పలువురి మతము. బుద్ధుని శిష్యుడగు మౌద్గల్యాయనుడు ప్రేతలోకమున ఆకలితో అలమటించు తన తల్లిని దివ్యదృష్టితో చూచి, గురువాజ్ఞ చొప్పున భిక్షు సంఘమునకు దానము చేసి ఆమెను విముక్తురాలిని చేసెననియు, ఆ యానందమున నాట్యమాడెననియు కథ. మనము మహాలయపక్షమున పితరులను తలచుకొనునట్లే జపానీయులు పెక్కు సీమలలో ఆగస్టు నెల నడుమ పితరులను ఇంటికి పిలిచి, దీపములతో సాగనంపుదురు. ఆ నడుమ రాత్రులందు ఆడునదే ఈ నాట్యము. గిఫు సీమలోని గుజో హచిమన్ పట్టణమున ఆగస్టు 13 మొదలు నాలుగు రాత్రులు తెల్లవారువరకు ఆడుదురు. అకితా సీమలోని నిషిమొనై గ్రామపు నర్తకులు కొందరు వంగిన గడ్డిటోపీ క్రింద, కొందరు కన్నులు మాత్రమే కానవచ్చు నల్లని ముసుగులో మోము దాచుకొందురు. వారిని చూచినవారికి, బ్రదికినవారు ఆడుచున్నారా, వచ్చిపోవు పితరులే ఆడుచున్నారా అను శంక కలుగునట!

సుల్తాను పలికినది ఆ నృత్యము నేడు చేరిన చోటును గూర్చి. షా ఆలంలో పితరులను ఎవరును పిలువలేదు.

నృత్యము ప్రయాణము చేసినప్పుడు ఏమి పోవును, ఏమి మిగులును? వలయమునకు ముందు వెనుకలు లేవు. చూచుచున్నవాడు రెండడుగులు ముందుకు వేసినచో ఆటగాడగును. అడుగులు కొద్ది, అవియే మరలమరల గంటల తరబడి తిరుగును. వేదికకో, ముందు వైపు ఉండితీరవలెను. విదేశోత్సవములలో ఒక్కొక్క బృందమునకు దొరకునది నిమిషముల లెక్క. అందుచే వలయము వరుసలగును, పాట కురుచయగును, వేగము హెచ్చును. తొకుషిమా వారి అవా ఒదొరియు, వందల మైళ్ల దూరపు ఈశాన్య గ్రామముల ఖడ్గనృత్యమును ఒకే పూట ఒకే దండగా గ్రుచ్చబడును. 1970లో ఫ్రాన్సులోని కొన్‌ఫోలాన్ పట్టణమున ఏర్పడిన అంతర్జాతీయ జానపదోత్సవ సంఘము ఈ మార్పును ఎరిగియే బృందములను మూడు తెగలుగా విభజించినది: యథాతథముగా ఆడువారు, సంస్కరించి ఆడువారు, శైలిని మాత్రము గైకొని క్రొత్తది కల్పించువారు. ఈ విభజన నిజాయితీ గలది. కాని మొదటి తెగవారును విమానమెక్కిన పిమ్మట ఎంతవరకు యథాతథులో చెప్పుట కష్టము.

వృత్తి బృందములు ఈ చిక్కును వేరొక విధముగా ఎదుర్కొన్నవి. 1951లో పుట్టిన వరబిజా బృందము అకితాలో స్థిరపడి, పల్లెపాటలను, ఆటలను సేకరించి ప్రదర్శించినది. సాదో దీవిలోని ఒందెకోజా యువకులు 1975లో అమెరికాలోని బోస్టన్ మారథాను పరుగు ముగించి, ఆ యలసటతోనే డోలు వాయించి ప్రేక్షకులను నివ్వెరపరచిరి. ఆ బృందమునుండి విడివడిన కోదో 1981లో తొలి ప్రదర్శనమును స్వదేశమున గాక బెర్లినులో ఇచ్చెను. వీరిలో పెక్కురు ఆ దీవిలో పుట్టినవారు కారు. ఊరూర తిరిగి గ్రామీణుల వద్ద నేర్చినవారు. వీరి కళను కృత్రిమమని త్రోసివేయువారు కలరు. నేను అట్లనజాలను. గురువు నెదుట కూర్చుండి నేర్చిన విద్యకు పుట్టుక చీటీ అడుగుట ఉపాధ్యాయ లోకమునకు తగదు.

నా దిగులు వేరు. 2022 నవంబరులోనే యునెస్కో, జపానులోని 24 సీమలకు చెందిన 41 నృత్యములను 'ఫూర్యూ ఒదొరి' అను పేర మానవజాతి వారసత్వ పట్టికలో చేర్చినది. ఆ గౌరవము గ్రామమునకు ఒక్క డోలువానినైనను పుట్టింపగలదా? 2024లో జపానులో పుట్టిన శిశువులు 6,86,061 మంది మాత్రమే. లెక్కలు మొదలైన నాటినుండి ఆ సంఖ్య ఏడు లక్షలకు దిగుట అదియే ప్రథమము. ఆ యేడే ఫిబ్రవరిలో ఇవాతె సీమలోని కొకుసెకిజి ఆలయమున వేయేండ్లకు పైబడినదని చెప్పుకొను సోమిన్‌సాయ్ ఉత్సవము ముగిసిపోయెను. దానిని ఎవరును నిషేధింపలేదు. జరుపువారు వృద్ధులైరి, వెనుక యువకులు లేరు. అది నృత్యము కాకపోయినను వ్యాధి యొక్కటే.

అయినను బయటి చేయి వ్యర్థమని తలపరాదు. 2011 మార్చి సునామీలో ఈశాన్య తీరపు గ్రామముల డోళ్లు, వేషములు సముద్రము పాలయ్యెను. ఇండ్లు కోల్పోయినవారు బురదలో వెదకి దొరికినవి తెచ్చుకొనిరి. మిగిలినవి దూరప్రాంతముల విరాళములతో సమకూడెను. చనిపోయినవారి కొరకు మరల ఆడిరి. ఒకప్పుడు ఊరి మగపిల్లలకు మాత్రమే నేర్పుచుండిన నృత్యములను నేడు ఆడపిల్లలకు, పరాయి ఊరివారికి నేర్పు గ్రామములు పెక్కు కలవు. విదేశవేదికపై సైతము కొన్ని బృందములు ఆట చివర క్రిందికి దిగి, ప్రేక్షకుల చేయి పట్టి లేపి, వలయము కట్టింతురు. వారికి జపాను మాట ఒక్కటియు రాదు. రెండు మారులు తిరుగునప్పటికి అడుగు పట్టుబడును.