హక్కు సంగతి తర్వాత, ముందు పొలంలో ఎవరుండాలో తేల్చండి

ల్యాండ్ టైట్లింగ్ చట్టం రద్దు బిల్లును 2024 జులై 24న శాసనసభ ఆమోదించినప్పుడు సంతోషించిన బెజవాడ ప్లీడర్లలో నేనూ ఒకణ్ని. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన ఆ చట్టం, పొలం ఎవరిదన్న తగువును సివిల్ కోర్టు గడప తొక్కనివ్వలేదు. తేల్చాల్సింది టైటిల్ రిజిస్టరింగ్ అధికారి, ఆ పైన అప్పిలేట్ అధికారి, ఆ పైన ఏకంగా హైకోర్టు. అవనిగడ్డలో కోర్టు పెట్టుకుని, అరెకరం రైతు గట్టు తగాదా కోసం హైకోర్టున్న నేలపాడు దాకా పోవాలన్నమాట! 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైన టోరెన్స్ పద్ధతి ఇలాంటి చట్టాలకు మూలం. అక్కడ రిజిస్టరులో ఎక్కిన పేరుకు ప్రభుత్వమే పూచీ, అయినా మోసం జరిగిందంటే జడ్జి దగ్గరికే వెళ్తారు. మనవాళ్లు రిజిస్టరు తెచ్చుకుని జడ్జిని వదిలేశారు.

సరే, ఆ చట్టం పోయింది. రైతుకు తిరిగొచ్చిందేమిటి? వాయిదా.

మా దగ్గరికి వచ్చే కేసు ఇలా ఉంటుంది. పామర్రు వైపు అరవై సెంట్ల చెక్క. పక్క చేనువాడు ఏటా దమ్ము చేసేటప్పుడు గట్టును జానెడు లోపలికి జరుపుతాడు. చివరికి ఓ సార్వాకి నాట్లే వేసేస్తాడు. పొలం పోయినవాడు పాసుపుస్తకం పట్టుకుని తహసీల్దారు దగ్గరికి పరిగెడతాడు. రెవెన్యూ రికార్డులో పేరు మారినంత మాత్రాన హక్కు రాదని సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పినా, మన జనానికి 1-బి కాగితమే వేదం. స్టేషన్‌లో ‘సివిల్ తగాదా, కోర్టుకెళ్లు’ అంటారు. ఊళ్లో పెద్దమనుషులు పంట చేతికొచ్చాక చూద్దామంటారు. మా ఆఫీసు మెట్లెక్కేసరికి రెండు పంటలు అయిపోయి ఉంటాయి.

అక్కడే అసలు నష్టం. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టబడ్డవాడు ఆరు నెలల్లోగా దావా వేస్తే చాలు, హక్కు ఎవరిదన్న ప్రశ్నే లేకుండా స్వాధీనం తిరిగి ఇప్పించాలి. ప్రభుత్వం మీద మాత్రం ఈ దావా వేయడానికి లేదు. తీర్పు మీద అప్పీలు కూడా ఉండదు. ఓడినవాడికి హక్కుందనుకుంటే వేరే దావా వేసుకోవచ్చు. ఇంత పదునైన సెక్షన్‌ను మేం వాడేది అరుదు, ఎందుకంటే గడువు ఆఫీసుల చుట్టూ తిరగడంలోనే కరిగిపోతుంది. అప్పుడిక ఇంజంక్షన్ దావా వేస్తాం. అవతలివాడు హక్కు మీద మెలిక పెడతాడు. 2008 నాటి అనంతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం హక్కు మీద నిజంగా నీడ పడితే డిక్లరేషన్ కూడా కోరాలి. దావా సవరణ, మళ్లీ కోర్టు ఫీజు, మళ్లీ వాయిదాలు. ఈలోగా ధాన్యం ఎవరి కల్లంలో? బలమున్నవాడి కల్లంలో.

కౌలు రైతు గతి ఇంకా అన్యాయం. 1956 కౌలు చట్టం ఉన్నా, నోటిమాట కౌలుకు రుజువేది?

ఇక పొలం చూసి రమ్మని కోర్టు పంపే కమిషనర్ల సంగతి. సాక్ష్యం పోగుచేయడానికి కమిషనర్‌ను పంపకూడదని చాలాసార్లు పిటిషన్ కొట్టేస్తుంటారు. స్వాధీనం విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. హద్దు విషయంలో ఒప్పుకోను. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది. అలాంటి వరద ఒక్కటి వస్తే లంకల్లో హద్దురాయి ఇసుక కిందకి పోతుంది. ఆ తర్వాత సాక్షుల్ని ఎన్నేళ్లు విచారిస్తే ఏం లాభం?

బెజవాడ కొత్త కోర్టు భవనాన్ని 2022 ఆగస్టు 20న జస్టిస్ ఎన్.వి. రమణ ప్రారంభించారు. అంతస్తులకు కొదవలేదు. అందులో ఒక హాలును ఆరో సెక్షన్ దావాలకే కేటాయించాలి. హద్దు తగాదా దాఖలైన నెలలోపు, ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) పట్టుకుని సర్వేయరుతో కమిషనర్ పొలంలో దిగాలి. అవనిగడ్డ, గుడివాడ కోర్టుల్లోనూ ఇదే పద్ధతి రావాలి. దావాలు తొందరగా తేలిపోతే ఫీజులు పడిపోతాయని మాలో కొందరు గొణుగుతారు. గొణగనీ.