బక్కపిల్లకు చక్కెర జబ్బేంటి?

"అంత బక్కగా ఉండే పిల్లకు చక్కెర జబ్బేందమ్మా? ఎవరివో రిపోర్టులు మనకిచ్చుంటారు, ఇంకోసారి చేయించండి!"

ఇరవై రెండేళ్ళ సన్నటి అమ్మాయికి రక్తపరీక్షలో షుగరు మూడొందలు దాటిందంటే చిత్తూరు వైపు ఏ ఇంట్లోనైనా ముందు వినిపించేది ఇలాంటి మాటే. షుగరంటే లావుపాటి వాళ్ళకు, నలభై దాటినవాళ్ళకు, కూర్చుని తినేవాళ్ళకు వచ్చే జబ్బని మనకో గట్టి నమ్మకం. పైగా పెళ్ళి కావాల్సిన పిల్లాయె! సంగతి నలుగురికీ తెలియకూడదని గుట్టుగా ఏవో మాత్రలు మొదలుపెడతారు. అసలు ఆ పిల్లకు ఏ రకం షుగరు వచ్చింది, ఎందుకొచ్చిందన్న ప్రశ్న మాత్రం అక్కడే ఆగిపోతుంది.

ఈ నమ్మకాన్ని కదిలించే కబురు 2025 ఏప్రిల్‌లో వచ్చింది. బాంకాక్‌లో జరిగిన ప్రపంచ మధుమేహ మహాసభలో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 'అయిదో రకం మధుమేహా'న్ని గుర్తించింది. కడుపులో ఉన్నప్పుడో, చిన్నతనంలోనో సరైన పోషణ లేక సన్నగా పెరిగిన వాళ్ళకు, ఎక్కువగా ముప్ఫై ఏళ్ళలోపే వచ్చే షుగరు ఇది. ప్రపంచంలో రెండు నుంచి రెండున్నర కోట్ల మందికి ఇది ఉండొచ్చని అంచనా. ఈ గుర్తింపు వెనక ఉన్న పరిశోధనలో సగం మన గుమ్మం పక్కనే జరిగింది. చిత్తూరు వాళ్ళు ఏ పెద్ద జబ్బు చేసినా బస్సెక్కి వెళ్ళే వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో డాక్టర్ నిహాల్ థామస్ బృందం, న్యూయార్క్‌లోని ఐన్‌స్టయిన్ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ మెరెడిత్ హాకిన్స్ బృందం కలిసి చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. ఈ సన్నటి రోగుల్లో ఇన్సులిన్ తయారీయే తక్కువగా ఉందనీ, మామూలు షుగరు రోగుల్లోలా ఇన్సులిన్ పనిచేయకపోవడం అసలు సమస్య కాదనీ అందులో తేలింది. స్కాన్‌తో చూస్తే కాలేయంలో కొవ్వు కూడా వీళ్ళకు తక్కువే.

పేరు కొత్తది, జబ్బు పాతది

ఈ తరహా షుగరును 1955లోనే జమైకా దీవిలో హ్యూజోన్స్ అనే డాక్టరు వర్ణించారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'పోషకాహార లోపంతో వచ్చే మధుమేహం' అని ఓ విభాగమే పెట్టి, అందులో రెండు రకాలను చేర్చింది. ఆధారాలు చాలవంటూ 1999లో ఆ విభాగాన్ని తీసేసింది. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ ఇప్పుడు ఒకదానికి పేరు దక్కింది.

రెండో రకం మాటేమిటి? అది క్లోమంలో రాళ్ళు ఏర్పడి వచ్చే షుగరు. దక్షిణాదిలో, ముఖ్యంగా కేరళలో, డాక్టర్ గీవర్గీస్ వంటివారు 1960ల నుంచీ దీన్ని శ్రద్ధగా పరిశీలించారు. చిన్న వయసులోనే ఉండుండి పొత్తికడుపు పైభాగంలో నొప్పి, అది వీపులోకి పొడవడం, తిన్నది ఒంటబట్టక జిడ్డుగా విరేచనం కావడం, మనిషి చిక్కిపోవడం, కొన్నేళ్ళకు షుగరు బయటపడటం... ఇదీ దీని నడక. వీళ్ళలో చాలామంది మద్యం ముట్టని వాళ్ళే. కర్రపెండలం తినడం వల్లేనని ఒకప్పుడు అనుకున్నారు గానీ ఆ వాదన నిలవలేదు. కొందరిలో జన్యువుల ప్రభావం ఉందని తర్వాత తెలిసింది.

అంటే బక్కగా ఉన్న అమ్మాయికి షుగరు వచ్చిందంటే అది చిన్నపిల్లల్లో కనిపించే మొదటి రకం కావచ్చు, ఈ అయిదో రకం కావచ్చు, రాళ్ళ వల్ల వచ్చింది కావచ్చు. మన దేశంలో సన్నటివాళ్ళకీ మామూలు రెండో రకం రావచ్చు. నాలుగింటికీ వైద్యం ఒకటి కాదు. రక్తంలో చక్కెర అంకె మాత్రం నాలుగింటిలోనూ ఒకేలా కనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు!

కడుపు వెనక దాక్కున్న క్లోమం

క్లోమం మన కడుపులో జీర్ణాశయం వెనక, వెన్నెముకకు ఆనుకుని అడ్డంగా పడుకుని ఉంటుంది. పొడవు జానెడు కన్నా తక్కువే. అన్నం అరగడానికి రసాలూ, చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులినూ రెండూ ఇక్కడే తయారవుతాయి. చేత్తో నొక్కి చూస్తే డాక్టరుకు అందదు. అందుకే బొమ్మ తీసి చూడాలి.

దీనికి ఎప్పుడూ ఖరీదైన యంత్రాలే కావాలని లేదు. క్లోమంలో ఉండేవి సున్నపు రాళ్ళు కాబట్టి పెద్దవైతే మామూలు పొట్ట ఎక్స్‌రేలోనే వెన్నెముకకు అటూ ఇటూ తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో రాళ్ళతో పాటు ఉబ్బిన గొట్టం, కుంచించుకుపోయిన క్లోమం కూడా తెలుస్తాయి. కాకపోతే పేగుల్లో గాలి అడ్డొస్తే క్లోమం సరిగా కనబడదు. పరగడుపున రమ్మనేది అందుకే. "కాఫీ ఒక్కటే తాగానమ్మా" అంటే కుదరదు! చిన్న రాళ్ళు చూడాలంటే సి.టి. స్కాన్, గొట్టం తీరు చూడాలంటే ఎం.ఆర్.ఐ. స్కాన్ అవసరం కావచ్చు. ఎక్స్‌రేకైనా సి.టి.కైనా వెళ్ళేముందు నెల తప్పిందన్న అనుమానముంటే తప్పకుండా చెప్పాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు సి.టి.లో ఎక్కించే మందు గురించి డాక్టరును ముందే అడగాలి.

ఇలాంటి పరీక్షలకు ఒకప్పుడు మద్రాసో వేలూరో వెళ్ళాల్సి వచ్చేది. 1993లో తిరుపతిలో స్విమ్స్ మొదలయ్యాక ఆ బాధ చాలావరకు తగ్గింది. 2014 నుంచి దానికి అనుబంధంగా శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల కూడా నడుస్తోంది. రుయా ఆసుపత్రి సరేసరి.

ఏం తెలుస్తుంది, ఏం తెలియదు?

స్కాన్ అన్నీ చెప్పేస్తుందనుకుంటే మాత్రం పొరపాటే. ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులు క్లోమంలో ఒకటి రెండు శాతమే. అవి ఏ ఆసుపత్రి స్కాన్‌లోనూ కంటికి కనబడవు. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం కుదరదు. ఇన్సులిన్ ఎంత ఊరుతోందో తెలియాలంటే సి-పెప్టైడ్ అనే రక్తపరీక్షే ఆధారం. మొదటి రకమా కాదా అని తేల్చడానికి యాంటీబాడీల పరీక్ష ఉంది. అయిదో రకానికీ స్కాన్‌లో ప్రత్యేకమైన ముద్ర ఏదీ లేదు. రాళ్ళు లేవని తేల్చుకోవడానికే అక్కడ స్కాన్.

పరిశోధనశాలల్లో మాత్రం ఈ బొమ్మలు కొత్త సంగతులు చెబుతున్నాయి. మొదటి రకం షుగరులో క్లోమం మామూలు కన్నా చిన్నదవుతుంది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ బృందం రెండో రకం రోగులను ఎం.ఆర్.ఐ.తో పరిశీలించింది. బాగా బరువు తగ్గి, షుగరు మామూలు స్థితికి వచ్చినవాళ్ళలో క్లోమంలోని కొవ్వు తగ్గడం, రెండేళ్ళలో క్లోమం తిరిగి పెరగడం వాళ్ళు చూశారు. లావుగా ఉన్నవాళ్ళకు ఇది ధైర్యమిచ్చే కబురు. బక్కపిల్లకు మాత్రం ఇదే సలహా ఇచ్చి "అన్నం మానెయ్, బరువు తగ్గు" అంటే ఆమెను మరింత ఎండగట్టినట్టే!

ఎవరికి అవసరం?

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్ల పైనే. వీళ్ళందరికీ క్లోమం స్కాన్ అక్కర్లేదు. 'షుగరు ప్యాకేజీ'లో కలిపారు కదా అని చేయించుకోవాల్సిన పనీ లేదు. కానీ సన్నగా ఉండి చిన్న వయసులో షుగరు వచ్చినవాళ్ళు, షుగరుతో పాటు తరచూ కడుపునొప్పీ జిడ్డు విరేచనాలూ ఉన్నవాళ్ళు, యాభై దాటాక కొత్తగా షుగరు వచ్చి కారణం లేకుండా చిక్కిపోతున్నవాళ్ళు "ఒకసారి క్లోమం చూడాలా డాక్టరుగారూ?" అని అడగాలి. ఈ చివరి వాళ్ళలో కొద్దిమందికి క్లోమంలో క్యాన్సర్ ఉండొచ్చు. అందుకే ఆలస్యం పనికిరాదు.

రాళ్ళున్నాయని తేలినా దారులున్నాయి. అన్నంతో పాటు వేసుకునే ఎంజైమ్ మాత్రలతో తిన్నది ఒంటబడుతుంది. బయటి నుంచి తరంగాలతో రాళ్ళను పొడిచేసే చికిత్స హైదరాబాద్‌లో కూడా దొరుకుతోంది. షుగరుకు చాలామందికి ఇన్సులిన్ కావాలి. అయిదో రకమైతే మోతాదు చూసి ఇవ్వాలి. ఎక్కువైతే షుగరు పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. ఇది చదివి ఎవరూ సొంతంగా ఇన్సులిన్ ఆపకండి. మొదటి రకంలో అది ఆపితే అంతకన్నా ప్రమాదం.

గ్యాసే అనుకుంటే...

మగవాడు కడుపునొప్పంటే "తాగుతావా?" అని అడిగి క్లోమం గురించి ఆలోచిస్తారు. ఆడది అదే నొప్పంటే? "వేళకు తినవు, గ్యాసు" అంటారు ఇంట్లో. సోడా తాగించి పడుకోబెడతారు. ఆమె కూడా అదే నమ్ముతుంది. అలా ఏళ్ళు గడుస్తాయి, రాళ్ళు పెరుగుతాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని మహిళల్లో 18.7 శాతం మంది ఉండాల్సిన దానికన్నా సన్నగా ఉన్నారు. అందరికీ వడ్డించి అడుగున మిగిలింది తినే తల్లి, ఆమె కడుపులో తక్కువ బరువుతో పెరిగే బిడ్డ... అయిదో రకం షుగరు కథ మొదలయ్యేది అక్కడే. ఆ లోటును ఏ స్కానూ పూడ్చలేదు. గర్భిణికి కడుపునిండా తిండి, ఆడపిల్ల కంచంలోనూ గుడ్డూ పప్పూ పాలూ, ఇవి మన చేతిలో ఉన్న మందులు.

ఈసారి "బక్కపిల్లకు చక్కెర జబ్బేంది?" అని ఎవరైనా అంటే రిపోర్టును అనుమానించకండి. ఆ ప్రశ్ననే తీసుకెళ్ళి డాక్టరును అడగండి. అది అడగాల్సిన ప్రశ్నే!