చెల్లెలు ఏ ఎలెక్టివ్ తీసుకోవాల?

మా చిన్నాయన కూతురు ఎం.ఆర్క్ చదువుతోంది. ఐదేండ్ల బి.ఆర్క్ అయినంక మళ్ళీ రెండేండ్లు, నాలుగు సెమిస్టర్లు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "అక్కా, ఎలెక్టివ్ ఒకటి ఎంచుకోవాల. బిమ్ తీసుకోనా, వర్నాక్యులర్ ఆర్కిటెక్చర్ తీసుకోనా?" అనింది. ఇంట్లో అందరూ బిమ్ అన్నారు. నేనొక్కదాన్నే రెండోది అని తిట్లు తిన్నాను. ఎందుకన్నానో ఇక్కడ రాస్తున్నాను. కన్నడ మీడియం దాన్ని, తప్పులుంటే సర్దుకోండి.

బిమ్ అంటే కట్టడాన్ని గోడ, తలుపు, పైపుతో సహా కంప్యూటర్లో మోడల్ చేసే పద్ధతి. రెవిట్ రాదంటే చాలా ఆఫీసుల్లో పక్కన పెడతారు, నిజమే. చిన్నాయన తీసుకున్న లోనూ నిజమే. కానీ నేను టెస్టర్ని. ఉద్యోగానికి ముందు డబ్బు కట్టి క్యూటీపీ నేర్చుకున్నాను. కొన్నేండ్లకే అందరూ సెలీనియం అన్నారు. అది ఇంట్లో కూర్చొని వీడియోలు చూసి నేర్చుకున్నాను. టూల్ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. పాత ఇంటిని టేపు పట్టి గది గదీ కొలిచి, గోడ మందంతో సహా ప్లాను, సెక్షను గీసేది అట్లా రాదు. తప్పు చూపించే మాస్టారు పక్కన ఉండాల.

బళ్ళారి పక్క మన ఊరి ఇల్లు చూడండి. మట్టి మిద్దె. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలు, పైన మన్ను, ఆ పైన చౌడు. వానకు ముందు తాత చౌడు పరిపించేవాడు, తడికి అది బిగుసుకొని నీళ్ళు దిగనీయదు. ఎంత మందం పరచాలో తాతకే తెలుసు. వంటింటి వెలుగంతా గవాచి నుంచే. బడిలో టీచరు "బెళకిండి" అన్నప్పుడు అది మా గవాచే అని నాకు తట్టలేదు! ఇంటికొచ్చి అవ్వను అడిగితే నవ్వింది.

వచ్చే ఉగాదికి దాన్ని పడగొట్టి ఆర్‌సీసీ వేయాలని పెద్దోళ్ళు అనుకుంటున్నారు. వద్దనే హక్కు నాకు లేదు. బెంగళూరులో కూర్చున్న నేను ఏటేటా చౌడు మోయడానికి పోతానా? కానీ పడగొట్టేలోపు కొలిచి గీసిన కాగితమైనా ఉండాల కదా. ఆ పని చేయగలిగిన పిల్ల మన ఇంట్లో ఒక్కతే ఉంది.

ఇంకో చిక్కు. పదిమంది చేరకుంటే ఆ కోర్సు నడపరంట, ఇప్పటికి ఏడుగురే పేరిచ్చారు. పొద్దున ఎనిమిదికే క్లాసు, డెబ్బై ఐదు శాతం అటెండెన్సు కావాల, అందుకే ఎవరూ రావట్లేదు. మొదటి వారం రెండు క్లాసుల్లోనూ కూర్చొని చూడమన్నాను. ఉత్త అటెండెన్సు కోసం కూర్చునేదైతే ఏ క్లాసైనా దండగే.

శుక్రవారం లోపల పేరివ్వాల. చిన్నాయనా, ఇది చదివితే ఆ పిల్లకు ఒకసారి ఫోన్ చేయి. టేపు నేను కొనిస్తాను, ముప్పై మీటర్లది.